రెండు చుక్కలు, ఒక మాడిన గిన్నె

హైఫా, అబ్బాస్ వీధి, మూడో అంతస్తు
అక్టోబరు 20

నుహాకి,

మొన్న ఫోన్ నువ్వు మధ్యలో పెట్టేశావు. నిన్న నేను పెట్టేశాను. ఇలా అయితే మనం ఒక్క వాక్యం కూడా పూర్తి చెయ్యలేం. అందుకే కాగితం తీశాను. ఉత్తరాన్ని ఎవరూ మధ్యలో ఆపలేరు. చింపెయ్యవచ్చు గానీ, నిన్ను ఇరవై ఆరేళ్ళుగా ఎరుగుదును. చింపే ముందు ఆఖరి దాకా చదువుతావు.

మన వీధి నుంచి మీ అక్క ఊరు షఫా అమ్ర్‌కి బస్సులో నలభై నిమిషాలు. ఉత్తరానికి మాత్రం తొమ్మిది పది రోజులు పడుతుందని పోస్టాఫీసులో చెప్పారు. మంచిదే. అది చేరేలోపు నా కోపం చల్లారుతుంది, చదివేలోపు నీది.

ఈ భవనం సంఘానికి అధ్యక్షురాలిని కాబట్టి జరిగింది జరిగినట్టు రాసి పెట్టడం నా అలవాటు. రాస్తున్నాను. తప్పుంటే సరిదిద్దు.

నెలనెలా చేసినట్టే అక్టోబరు మొదటి శనివారం మధ్యాహ్నం నువ్వు మీ రెండో అంతస్తులో మఖ్లూబా వండి, గిన్నె మోసుకుని మా ఇంటికి వచ్చావు. పళ్ళెంలో బోర్లించావు. అన్నం, వంకాయ, మాంసం, అన్నీ కోటలా నిలబడ్డాయి. నేనూ, యోరామూ, మా అత్తగారూ, నువ్వూ, మీ ఆయనా. జిర్యిస్ ఇంకా కుర్చీలో కూర్చోకముందే "క్రూసేడర్లు కూడా ఇక్కడ రెండు వందల ఏళ్ళు ఉన్నారు, ఆ తర్వాత?" అన్నాడు. నేను నోట్‌బుక్ తీసి గీత పెట్టాను. వెంటనే మా ఆయన "1938లో మ్యూనిక్‌లో హిట్లర్‌కి తలూపినవాళ్ళు కూడా ఇలాగే..." అన్నాడు. ఇంకో గీత. చరిత్రను భోజనాల బల్ల మీదికి ఎవరు లాగితే వాళ్ళే గిన్నె తోమాలన్నది మనమిద్దరం పెట్టిన నిబంధన. నేటికి నోట్‌బుక్‌లో యోరాం మ్యూనిక్‌లు 211, జిర్యిస్ క్రూసేడులు 198. దక్షిణాఫ్రికా, అల్జీరియా, మంగోలులు వగైరా వేరే పేజీలో ఉన్నాయి. నీవి సున్నా. నావి సున్నా.

అప్పుడు రాకెట్ల సైరన్ మోగింది. అత్తగారి ఎడమ చెయ్యి నువ్వు, కుడి చెయ్యి నేను పట్టుకుని కింది షెల్టర్‌కి యాభై నాలుగు మెట్లు దించాం. అక్కడ గోడ మీద నేను అంటించిన కొత్త జాబితా చూశావు. ఏ ఇంట్లో ఎందరు, ఎవరిది ఏ బెంచీ అన్న జాబితా. మీ పేరు పక్కన పెన్సిల్ చుక్క చూశావు. నువ్వొక మాట అన్నావు. నేనొక మాట అన్నాను. ఆ రెండు మాటలూ ఇక్కడ రాయను. రెండు రోజుల తర్వాత నువ్వు మీ అక్కకి తుంటి ఆపరేషన్ అయిందని చెప్పి, సేవ చెయ్యడానికి మీ ఆయన్ని తీసుకుని వెళ్ళిపోయావు. ఆపరేషన్ ఆగస్టులో అయింది.

చుక్క గురించి: అది సంఘం పని. అంతకు మించి ఏమీ లేదు.

గిన్నె గురించి: నా బాల్కనీలో మూత పెట్టి ఉంది. కడగలేదు. ఆ రోజు మగవాళ్ళిద్దరికీ చెరో గీత, నిబంధన ప్రకారం ఎవరు తోమాలో తేలలేదు కాబట్టి ముట్టుకోలేదు. కడగని గిన్నె ఇంట్లో ఉంటే నాకు నిద్ర పట్టదని నీకు తెలుసు.

ఇంకొకటి. మీ ఇల్లు అమ్మకానికి పెట్టారని మొదటి అంతస్తు కాల్మన్ గారు చెప్పింది. నిజమా? సంఘం దస్తరం కోసం అడుగుతున్నాను.

బ్రూరియా

*

షఫా అమ్ర్
నవంబరు 1

గౌరవనీయులైన మెట్ల సంఘం అధ్యక్షురాలికి,

తమరి నివేదిక అందింది. చింపే ముందు ఆఖరి దాకా చదివాను. తర్వాత మా అక్క సల్వా చదివింది. తర్వాత జిర్యిస్ చదివి, తన క్రూసేడులు 198 కాదు 203 అన్నాడు. ఆ అయిదూ నువ్వు వంటింట్లో ఉన్నప్పుడు అన్నాడట, పోగొట్టుకోవడం ఇష్టం లేదట. సరిదిద్దుకో.

ఆ రెండు మాటలూ రాయనన్నావు. నీ నివేదికలో అదొక్కటే పిరికి వాక్యం. నేను రాస్తాను. నేను అన్నది: "పేర్ల పక్కన గుర్తులు పెట్టినవాళ్ళు మీకంటే ముందు ఇంకొకళ్ళున్నారు. వాళ్ళెవరో మీకు నేను చెప్పాలా?" నువ్వు అన్నది: "బాగ్దాదులో మా అమ్మమ్మ తలుపు మీద ఎర్ర చెయ్యి గుర్తు వేసి, మర్నాడు వచ్చి ఇల్లు దోచింది మీవాళ్ళే."

మావాళ్ళా! అరబ్బులందరూ ఒక్కటేనా? బ్రూరియా, నేను అమ్మాన్ దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. మా నాన్న జాఫా దాటలేదు. 1941లో మా తాత హైఫా రేవులో కమలాపళ్ళ పెట్టెలకి మేకులు కొడుతున్నాడు. బాగ్దాదు వెళ్ళి మీ అమ్మమ్మ తలుపుకి రంగు పూసే తీరిక ఆయనకెక్కడిది?

నీ మాటకి నాకు ఒళ్ళు మండింది. నా మాటకి నాకు సిగ్గేసింది. ఎందుకంటే నేను అన్నప్పుడు నీ మొహం చూడలేదు, పక్కనే బెంచీ మీద కూర్చున్న మీ అత్తగారు పెనీనా అమ్మమ్మ మొహం చూశాను. ఎనిమిదేళ్ళ వయసులో పోలండులో జర్మన్లకి దొరక్కుండా ఎవరిదో నేలమాళిగలో దాక్కుని బతికిన మనిషి ముందు ఆ మాట విసిరాను. ఆవిడ చేతిసంచీ తెరిచి, రుమాలు తీసి, మడిచి, మళ్ళీ లోపల పెట్టుకుంది. అదీ నేను హైఫాలో ఉండలేకపోవడానికి కారణం. తుంటి ఆపరేషన్ కాదు. నీ చుక్క కూడా పూర్తిగా కాదు.

మా బామ్మ ఇల్లు మన వీధి కిందే ఉంది, నీకు తెలుసు. 1948 యుద్ధంలో మావాళ్ళు దాన్ని పోగొట్టుకున్నప్పటి నుంచీ అందులో వేరేవాళ్ళున్నారు. రోజూ ఆ ఇంటి ముందు నుంచే కూరగాయలకి వెళ్తాను. ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి కూడా దాన్ని నీ బల్ల మీదికి తేలేదు. గిన్నె తోమాల్సి వస్తుందని కాదు. నీ బల్ల దగ్గర ఆ బరువు దించి కూర్చోవడం నాకిష్టం కాబట్టి.

ఇప్పుడు చెప్పు. ఆ చుక్క ఏమిటి? "సంఘం పని" అని ఇంకోసారి రాస్తే ఈసారి నిజంగానే చింపుతాను.

ఇల్లు గురించి: అవును. జిర్యిస్ అమ్మేద్దామంటున్నాడు. క్రిస్మస్‌లోపు తేల్చెయ్యాలంటున్నాడు. నేను ఊఁ అనలేదు, ఊహుఁ అనలేదు. నీ దస్తరంలో అలాగే రాసుకో.

గిన్నె మా అత్తగారిది. తుప్పు పట్టనిచ్చావో, ఊరుకోను.

నుహా

*

హైఫా
నవంబరు 13

నుహా,

సరిదిద్దాను: జిర్యిస్ 203.

చుక్క సంగతి. షెల్టర్‌లో ప్రతి ఇంటికీ తాగునీటి సీసాలు ఉండాలి కదా. నీళ్ళ సీసాలు తెచ్చి పెట్టనివాళ్ళ పేరు పక్కన చుక్క పెట్టుకున్నాను, గుర్తు చెయ్యాలని. అంతే. నువ్వు ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేదాన్ని.

ఇక్కడి విశేషాలు. రోజుకి రెండు మూడు సార్లు సైరన్. నిన్న పొద్దున నేను టమాటాలు తరుగుతుంటే ఒకటి, కళ్ళజోడు వెతుక్కుంటుంటే ఇంకొకటి. నా చెల్లెలి అల్లుడు సైన్యంలో, ఉత్తర సరిహద్దులో ఉన్నాడు, ఫోన్ మోగితే మా చెల్లెలు ముందు కూర్చుని అప్పుడు తీస్తుంది. మా ఆయన టీవీ ముందు నుంచి లేవడం లేదు. అందులో నలుగురు కూర్చుని ఒకడు 1938 అంటాడు, ఒకడు 1948 అంటాడు, ఒకడు 1967 అంటాడు, నాలుగోవాడు రోమన్ల దాకా వెళ్ళిపోతాడు. ఈ సంవత్సరంలో ఏం జరుగుతోందో చెప్పేవాడు ఒక్కడూ లేడు. యోరాం వాళ్ళతో కూడా వాదిస్తాడు గానీ, అందులో రుచి లేదట. "జిర్యిస్ అయితే కనీసం తేదీలు సరిగ్గా చెప్పేవాడు" అంటాడు. మళ్ళీ రోజూ నాలుగింటికి మాత్రం చెత్త పారేసి వస్తానని సంచీ పట్టుకుని పోతాడు. చెత్త డబ్బా మన గుమ్మం పక్కనే ఉంది. తిరిగి రావడానికి గంటన్నర పడుతోంది. మోకాళ్ళు పాడయ్యాయేమో, డాక్టరుకి చూపించాలి.

అత్తగారి సంగతి నీకు చెప్పకూడదనుకున్నాను. కానీ చెప్పకపోవడం కూడా అబద్ధమే అవుతుంది. ఇప్పుడు సైరన్ మోగితే ఆవిడని షెల్టర్ దాకా దించలేకపోతున్నాం. యోరాం ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకుంటే, "మీరిద్దరూ నన్ను సోఫా మోసినట్టు మోస్తారు, నుహా అయితే మనిషిని నడిపించినట్టు నడిపించేది" అని రెండో అంతస్తులో ఆగిపోతారు. మీ తలుపు ముందు మెట్టు మీద కూర్చుంటారు. మేము కూడా కూర్చుంటాం. ముగ్గురం, మూసి ఉన్న మీ తలుపుకి వీపు ఆనించి, చప్పుడు ఎప్పుడు ఆగుతుందా అని లెక్కపెడుతూ.

నువ్వు రావాలని రాయడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

గిన్నెకి తుప్పు పట్టలేదు. పట్టేది తుప్పు కాదు, వేరే ఏదో. మూత తియ్యడం లేదు.

బ్రూరియా

*

షఫా అమ్ర్
నవంబరు 24

బ్రూరియా,

నీళ్ళ సీసాలా!

నీ బెంచీ కింద వంగి చూడు. నీలం సంచీలో పన్నెండు సీసాలున్నాయి. సెప్టెంబరులో నేను పెట్టినవి. మీ ఇంటివి ఎన్ని ఉన్నాయో కూడా లెక్కపెట్టు. ఒక్కటీ లేదు. మొదటి సైరన్ రోజు నా సీసాలోంచే నువ్వు తాగావు. ఇంత పద్ధతైన మనిషివి, అబద్ధం కూడా పద్ధతిగా ఆడలేవా? పోనీ ఇంకొకటి. మొత్తం ఎనిమిది ఇళ్ళు. చుక్కలు రెండు. ఒకటి మాకు, ఒకటి నాలుగో అంతస్తులో అద్దెకుంటున్న నర్సు రీమాకి. మా ఇద్దరి మధ్య ఉన్న పోలిక ఏమిటో తెలుసుకోవడానికి టీవీలో నలుగురు అక్కర్లేదు.

సరే, అది అలా ఉంచు. మీ ఆయన మోకాళ్ళకి ఏ డాక్టరూ అక్కర్లేదు. ఇక్కడ మా ఆయన కూడా రోజూ నాలుగింటికి రొట్టెలకని వెళ్ళి ఆరింటికి వస్తున్నాడు. రొట్టెల కొట్టు మా సందు చివరే. నిన్న వెనకాలే వెళ్ళాను. కొట్టు ముందు బల్ల మీద కూర్చుని, ఫోను చెవిలో పెట్టుకుని, ఒక చేత్తో వేడి రొట్టె తుంపుకుంటూ అరుస్తున్నాడు: "ఒరేయ్ యోరాం, ప్రతిదానికీ మ్యూనిక్ అంటావేంట్రా! నీకు క్యాలెండరులో వేరే సంవత్సరం లేదా?" కొట్టువాడు నాతో అన్నాడు, "రోజూ ఇంతేనమ్మా, చివర్లో 'మోకాలికి వేణ్ణీళ్ళ కాపడం పెట్టుకో' అని చెప్పి పెట్టేస్తారు" అని. నాలుగు వందల సార్లు చరిత్ర లాగిన మగవాళ్ళు రోజూ మాట్లాడుకుంటున్నారు. జన్మలో ఒక్కొక్కసారి లాగిన మనమిద్దరం ఉత్తరాలు రాసుకుంటున్నాం. దీన్ని ఏ పేజీలో రాస్తావు?

గాజాలో మా పెదనాన్న మనవరాలి కుటుంబం చర్చిలో తలదాచుకుంది. పదకొండు రోజులుగా కబురు లేదు. ఇక్కడ ఎవరో ఒకరు రోజూ వచ్చి, ఇది ఫలానా యుద్ధం లాంటిది, ఫలానా ముట్టడి లాంటిది అని మా అక్కకి వివరిస్తారు. అక్క వింటుంది, కాఫీ పోస్తుంది, వాళ్ళు వెళ్ళాక అంటుంది: "నన్ను వాళ్ళ పిల్లదాని పేరు అడిగినవాడు ఒక్కడూ లేడే." పేరు మిర్నా. ఆరేళ్ళు. నువ్వు అడుగుతావని నాకు తెలుసు కాబట్టి రాశాను.

పెనీనా అమ్మమ్మ మా తలుపు ముందు కూర్చుంటుందని చదివాక ఆ రోజు ఏ పనీ చెయ్యలేకపోయాను. ఈ కింది రెండు వాక్యాలు ఆవిడకి చదివి వినిపించు. నువ్వు మధ్యలో ఏమీ కలపకు.

"అమ్మమ్మా, ఆ రోజు నేను మీ బాధని రాయిలా తీసి బ్రూరియా మీదికి విసిరాను. అది నాది కాదు, తియ్యకూడదు, తప్పయింది."

ఇల్లు చూడ్డానికి నహరియా నుంచి ఒక పళ్ళ డాక్టరు డిసెంబరు మొదట్లో వస్తాడు. సంఘం అధ్యక్షురాలిగా మెట్లు, డాబా, షెల్టర్ నువ్వే చూపించాలట. మర్యాదగా చూపించు.

నుహా

*

హైఫా
డిసెంబరు 5

నుహా,

మిర్నా నుంచి కబురు వచ్చిందా? అది ముందు రాయి. తక్కినవి తర్వాత.

ఇక్కడ వారం రోజులుగా సైరన్ లేదు, ఉత్తర సరిహద్దులో కాల్పులు ఆగాయి. ఆ నిశ్శబ్దానికి ఇంకా అలవాటు పడలేదు.

పళ్ళ డాక్టరు వచ్చాడు. మర్యాదగానే చూపించాను. కాఫీ ఇచ్చాను, ఖర్జూరం బిస్కట్లు పెట్టాను, తర్వాత నాలుగు పేజీల కాగితాలు చేతిలో పెట్టాను. ఈ భవనంలోని లోపాలన్నీ సంవత్సరాల వారీగా. డాబా కారడం, పావురాలు, లిఫ్టు లేకపోవడం, కింది మురుగు గొట్టం చలికాలంలో పాడే పాట. ఒక్కటీ అబద్ధం కాదు. చివరిది ఇది: "రెండో అంతస్తు వంటింటి కిటికీలోంచి పొద్దున్నే ఏడింటికి యాలకుల కాఫీ వాసన రావాలి. అక్టోబరు నుంచి రావడం లేదు. ఇంకా బాగుచెయ్యలేదు." అతను అన్నీ చదివి, మడిచి, జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. తిరిగి రాడనుకుంటున్నాను.

ఇక చుక్క. మూడోసారి రాస్తున్నాను. ఇదే ఆఖరు.

జాబితా అక్షరక్రమంలోనే రాశాను. అంటించబోతుంటే కాల్మన్ గారు మెట్ల మీద ఆపింది. "రోజులు బాగాలేవు బ్రూరియా. లోపల ఎవరు మనవాళ్ళో, ఎవరు కాదో, చూడగానే తెలిసేటట్టు ఉండాలి కదా" అంది. నేను కాదనవచ్చు. కాదంటే ఆవిడ అరగంట మాట్లాడుతుంది. నా పొయ్యి మీద చిక్కుడు గింజలు ఉన్నాయి, నీళ్ళు ఇంకిపోతాయి. అందుకని జేబులోంచి పెన్సిల్ తీసి రెండు చుక్కలు పెట్టి, "సరేనా?" అన్నాను. ఆవిడ సంతోషించింది. నేను పైకి వెళ్ళి గింజలు దించాను. మాడలేదు.

నుహా, కాల్మన్ గారి మీద తోసెయ్యడానికి ఇది రాయడం లేదు. ఆవిడ అడిగింది, పెట్టింది నేను. నిన్ను ద్వేషించి పెట్టి ఉంటే ఎలాగో అర్థం చేసుకునేదాన్ని. గింజలు మాడకుండా ఉండాలని పెట్టాను.  

బాగ్దాదు మాట కూడా అందుకే వచ్చింది. నువ్వు నన్ను పట్టేసుకున్నావు. నా దగ్గర జవాబు లేదు. జవాబు లేనప్పుడు మనిషి చేతికి అందిన తలుపు లాగుతాడు. నాకు మా అమ్మమ్మ తలుపు అందింది. ఆవిడ ఆ తలుపు గురించి జీవితంలో రెండే రెండు సార్లు మాట్లాడింది. ఆ రెండు సార్లూ, వెనక గోడ దూకించి తమని దాచిపెట్టిన పక్కింటి ముస్లిం ఆవిడ గురించి కూడా చెప్పింది. షెల్టర్‌లో నేను ఆ సగం వదిలేశాను. లెక్క సరిగ్గా రాసేదాన్నని పేరు నాకు!

నీ రెండు వాక్యాలు అత్తగారికి చదివాను. ఏమీ కలపలేదు. ఆవిడ విని, "ఇంకోసారి చదువు" అన్నారు. చదివాను. "ఆ పిల్ల అక్షరాలు గుండ్రంగా ఉంటాయా?" అని అడిగారు. ఉంటాయన్నాను. "అయితే సరే" అని కాగితం తీసుకుని చేతిసంచీలో రుమాలు పక్కన పెట్టుకున్నారు.

నీ పన్నెండు సీసాల పక్కన మా పన్నెండు పెట్టాను.

బ్రూరియా

*

షఫా అమ్ర్
డిసెంబరు 14

బ్రూరియా,

మిర్నా బతికే ఉంది. కబురు వచ్చింది. ముందు పళ్ళు రెండు ఊడాయట. మా అక్క ఆ వార్త విని ఏడుస్తూనే నవ్వింది.

నీ ఉత్తరం స్నానాలగదిలో తలుపు వేసుకుని చదివాను, ఎవరికీ ఇవ్వలేదు. జిర్యిస్ రెండుసార్లు తలుపు కొట్టాడు. "చుక్క సంగతి తేలిందా?" అన్నాడు. "చిక్కుడు గింజలు" అన్నాను. ఎంతసేపటికీ అతనికి అర్థం కాలేదు. నాకు మాత్రం చదవగానే అర్థమైంది, అదే నాకు భయం. నేనైనా ఆ గింజలు దించడానికే వెళ్ళేదాన్నేమో.

నా దగ్గరా ఒకటుంది. నా పాత అడ్రసుల పుస్తకం, గులాబి అట్టది, తెలుసుగా. ప్లంబరు నంబరు వెతుకుతూ తెరిచాను. మేం ఆ ఇంట్లోకి వచ్చిన కొత్తలో రాసుకున్నాను: "బ్రూరియా, యూదు." నాకు తెలిసిన బ్రూరియా ఈ భూమ్మీద నువ్వొక్కర్తివే. వేరే బ్రూరియాతో కలిసిపోతావని భయం లేదు. అయినా రాసుకున్నాను. తర్వాత ఫోన్ కొన్నప్పుడు అలాగే ఎక్కించాను. అప్పటి నుంచీ నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా "బ్రూరియా, యూదు" అని వెలుగుతోంది, నేను చూడ్డం లేదు. నా పుస్తకంలో ప్లంబరు పక్కన ప్లంబరు అని ఉంది, నీ పక్కన ఇది ఉంది.

అలాగని నీ చుక్కా నా మాటా ఒకటే అనుకోకు. నాది సొరుగులో ఉంది, నీది బాంబులు పడే రోజున షెల్టర్ గోడ మీద ఉంది. రెండూ తూచి సమానం అన్నావో, నువ్వే గిన్నె తోమాలి. నాది నేను చెప్పాను, అంతే.

ఇప్పుడు అసలు సంగతి. నీ పళ్ళ డాక్టరు తిరిగి వచ్చాడు! వచ్చి జిర్యిస్‌తో ఏమన్నాడో తెలుసా? "నేను పదిహేడు ఇళ్ళు చూశాను. లోపాలన్నీ రాసి ఇచ్చిన సంఘం అధ్యక్షురాలిని ఎక్కడా చూడలేదు. ఇలాంటి నిజాయితీపరురాలు ఉన్న భవనంలోనే ఉండాలని మా ఆవిడ పట్టుబట్టింది" అన్నాడు. అడిగినంతా ఇస్తానన్నాడు. డిసెంబరు 24 పొద్దున సంతకాలు.

నీ నాలుగు పేజీలతో నా ఇల్లు నువ్వే అమ్మిపెట్టావు, అధ్యక్షురాలా!

జిర్యిస్ సంతోషంగా ఉన్నాడని అనుకోకు. రొట్టెల కొట్టు నుంచి రొట్టె లేకుండా వచ్చాడు. "అక్కడ మనం ఇంకోసారి ఆ గోడ చూడాలా?" అంటాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. నీ దగ్గర ఉంటే రాయి. ఉత్తరం పండగలోపు చేరదు అనుకుంటా.

నుహా

*

హైఫా
డిసెంబరు 22, మధ్యాహ్నం

నుహా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. పోస్టులో వేస్తే పండగ దాటుతుంది. ఇది యోరాం చేతికి ఇచ్చి బస్సెక్కిస్తున్నాను. చెత్త సంచీ లేకుండా వస్తున్నాడు, గుర్తుపట్టండి.

గోడ గురించి జిర్యిస్‌కి జవాబు. నిరుడు జరిగినవీ, నూరేళ్ళ కిందట జరిగినవీ నేను మార్చలేను. గోడ ఒక్కటే నా పరిధిలో ఉంది. పోయిన ఆదివారం సంఘం సమావేశం పెట్టాను. పాత జాబితా అందరి ముందూ తీశాను. ఆ చుక్కలు ఎవరు అడిగితే, ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో చెప్పాను. నర్సు రీమా ముందు నిలబడి చెప్పాను. ఆ పిల్ల, "ఆంటీ, నేను రోజూ చూశాను, ఎప్పుడు చెరుపుతారా అని ఎదురుచూశాను" అంది. అంతకంటే తిట్టి ఉంటే బాగుండేది. కాల్మన్ గారు లేచి అరగంట మాట్లాడింది. పూర్తిగా విన్నాను. తర్వాత నేను అరగంట మాట్లాడాను. ఈలోగా పైన మా ఇల్లంతా పొగ. పొయ్యి మీద పెట్టి వచ్చిన చిక్కుడు గింజలు బొగ్గయిపోయాయి. పైకి వచ్చి కిటికీలు తెరిచి, చాలా రోజుల తర్వాత హాయిగా కూర్చున్నాను. కొత్త జాబితాలో పేర్లు మాత్రమే ఉన్నాయి. కాల్మన్ గారు నాతో మాట్లాడటం లేదు. అదీ ఒక లాభమే.

ఇక గిన్నె.

నిన్న మధ్యాహ్నం అత్తగారు బాల్కనీలోకి వెళ్ళి మూత తీశారు. ఆ వాసన గురించి రాయను. "ఎవరిదే ఇది?" అన్నారు. నుహాది అన్నాను. "రెండున్నర నెలల నుంచా? మీకేమైనా పిచ్చా?" అన్నారు. నిబంధన చెప్పాను. మగవాళ్ళతో పాటు నువ్వూ నేనూ కూడా పోల్చాం, ఎవరు ముందు తోమాలో తేలలేదు అని.

ఆవిడ స్టూలు మీద కూర్చున్నారు. ఎవరూ మాట్లాడకముందే మొదలుపెట్టారు. "నాకు ఎనిమిదేళ్ళు. జర్మన్లు ఊళ్ళోకి వస్తున్నారంటే పక్కింటి స్తెఫాన్యా వచ్చి నా చెయ్యి పట్టుకుని నేలమాళిగలోకి దింపేది. పరుగెత్తించేది కాదు. ఒక్కో మెట్టుకీ ఒక్కో కూరగాయ పేరు చెప్పించేది, నేను భయపడకుండా. ఆమె చెయ్యి ఉల్లిపాయ వాసన వేసేది. మొన్న అక్టోబరులో మెట్లు దిగుతుంటే నుహా నా చెయ్యి పట్టుకుంది. అదే ఉల్లిపాయ వాసన. ఎనభై ఏళ్ళ తర్వాత. నుహా అచ్చం స్తెఫాన్యా లాగా."

 తర్వాత నా వైపు తిరిగి అన్నారు: "ఏం చూస్తావు? నోట్‌బుక్ తే. నేను పోల్చాను కదా. గీత పెట్టు. గిన్నె నాకు ఇవ్వు."

నుహా, ఇరవై ఆరేళ్ళలో ఆవిడ పేరు మీద మొదటి గీత పెట్టాను. తొంభై ఒక్క ఏళ్ళ మనిషి ఒళ్ళో తువ్వాలు వేసుకుని, తీగ పీచుతో గంటా పావు తోమింది. నేను సాయం చెయ్యబోతే చేతి మీద కొట్టింది. నీళ్ళు మాత్రం పొయ్యనిచ్చింది.

చుక్కకీ ఉల్లిపాయకీ మధ్య ఏం తేడా ఉందో నేను ఆలోచిస్తూనే ఉన్నాను. ఒకటి మనిషిని పేరులోంచి తీసేస్తుంది, ఇంకొకటి మనిషికి చెయ్యి ఇస్తుంది. అంతకంటే తెలివైన మాట నాకు తట్టడం లేదు.

సంతకం చెయ్యవద్దని రాయను. ఇల్లు మీది. ఈసారి మా దీపాల పండగ హనుక్కా, దాని మొదటి దీపం సరిగ్గా మీ క్రిస్మస్ సాయంత్రమే పడింది. మీ పాత కుర్చీలు మా బల్ల దగ్గరే ఉన్నాయి.

గిన్నె యోరాం చేతికి ఇవ్వలేదు. ఆయన బస్సులో మర్చిపోతాడు.

నీ
బ్రూరియా

*

హైఫా, అబ్బాస్ వీధి, రెండో అంతస్తు
డిసెంబరు 26, పొద్దున్న ఏడు

బ్రూరియా,

ఇది పోస్టులో కాదు, మీ తలుపు కింద నుంచి తోస్తున్నాను. మీరింకా లేచినట్టు లేరు. నిన్నటి దీపాలూ, వైనూ, ఆ మగవాళ్ళ అరుపులూ ఎవరినైనా పడగొడతాయి.

పళ్ళ డాక్టరుకి జిర్యిస్ ఫోన్ చేసి లోపాల జాబితాలో ఒకటి మిగిలిపోయిందని చెప్పాడు: "ఇంటి యజమానులు ఖాళీ చెయ్యరు." యోరాం బస్సు దిగి మా గుమ్మంలోకి వచ్చి నీ ఉత్తరం ఇచ్చేలోపే, మొదటి మాటగా మ్యూనిక్ అన్నాడు. అప్పుడే జిర్యిస్ ఇంటికి రావడానికి సూట్‌కేసు దించాడు. నేను అంతకు ముందే ఉల్లిపాయలు తరుగుతున్నాను, చెయ్యి ఖాళీ లేదు. ఉత్తరం చదువుతూ కళ్ళు తుడుచుకుంటే అందరూ ఉల్లిపాయలే అనుకున్నారు.

నా ఫోనులో నీ పేరు మార్చాను. ఇప్పుడు "బ్రూరియా, పైన" అని ఉంది.

గిన్నె బాగా వచ్చింది. పెనీనా అమ్మమ్మకి చెప్పు. కానీ అడుగున, సరిగ్గా మధ్యలో, చిన్న నల్ల చుక్క ఒకటి మిగిలింది. పీచుతో పోలేదు, గోరుతో పోలేదు. పొద్దున్నుంచీ దాన్నే చూస్తున్నాను. అది నువ్వు తోమాలి. నేను నీళ్ళు పోస్తాను.

కాఫీ పొయ్యి మీద ఉంది. వాసన వస్తోందా? వస్తే నీ నాలుగో పేజీలో ఆఖరి లోపం కొట్టేసి, కిందికి రా.

నుహా